వెంకటలక్ష్మి పేరు తెగకూడదు

"పొద్దున పాసైంది అక్కా. అప్పట్నుంచీ ఒక్క లైను కూడా ముట్టుకోలేదు."

మాధాపూర్‌లో ఓ ఆఫీసు, ఆరో అంతస్తు. సాయంత్రం ఆరున్నర దాటింది. క్యాబుల కోసం సగంమంది అప్పుడే కిందికి దిగిపోయారు. మీరు ఓ ఖాళీ కుర్చీ లాక్కుని వీళ్లిద్దరి వెనకాల కూర్చోండి, స్క్రీను బాగానే కనిపిస్తుంది. కుర్రాడు ఇంజినీరింగ్ అయ్యాక ఈ ఏడే చేరాడు. పక్కన కూర్చున్నావిడ అతనికి సీనియర్. ఇక్కడ అందరూ ఒకరినొకరు పేర్లతోనే పిలుచుకుంటారు గానీ, అతని నోట మాత్రం అక్కా అనే వస్తుంది.

వీళ్లు రాస్తున్నది పాల సేకరణ కేంద్రాల సాఫ్ట్‌వేర్. ఊళ్లలో పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి పాలు తెచ్చి పోస్తారు. ఎన్ని లీటర్లో చూస్తారు, ఫ్యాట్ ఎంత, ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థాలు) ఎంత అని పరీక్షిస్తారు, దాన్నిబట్టి రేటు కడతారు, ఓ చిన్న కాగితం స్లిప్పు చేతిలో పెడతారు. పేరు, తేదీ, పూట, లీటర్లు, ఫ్యాట్, మొత్తం. పాలు పోసిన మనిషి దగ్గర మిగిలే రుజువు ఆ కాగితం ఒక్కటే. డబ్బులిచ్చే రోజున తేడా వస్తే చూపించడానికి ఇంకేమీ ఉండదు.

టర్మినల్ చూడండి. పైథాన్ కోడుని పరీక్షించే పైటెస్ట్ నడుస్తోంది. పాసైన ప్రతి టెస్టుకీ ఒక చుక్క పడుతుంది. చుక్క, చుక్క, చుక్క, తర్వాత ఎర్రగా ఒక 'ఎఫ్'. దాని కింద కారణం: రావలసింది 'ఉదయం', వచ్చింది 'సాయంత్రం'.

ఆవిడ కోడు వైపు చూడలేదు. "ఇప్పుడు టైమెంత?" అంది.

కుర్రాడు ఫోను చూసుకున్నాడు. చెప్పబోయి ఆగిపోయాడు. అతనికి అర్థమైంది.

పూట ఏదో చెప్పే ఫంక్షన్ తనలో తనే కంప్యూటర్ గడియారాన్ని అడుగుతోంది. పన్నెండు లోపైతే ఉదయం, దాటితే సాయంత్రం. పొద్దున పదింటికి టెస్టు రాసినప్పుడు 'ఉదయం' వచ్చింది, అదే సరైన జవాబని రాసేశాడు. ఆ టెస్టు మధ్యాహ్నం దాకా పాసవుతుంది, ఆ తర్వాత ఫెయిలవుతుంది. రోజూ అంతే. ఇలాంటివాటితో వచ్చే నష్టం ఒక్క టెస్టుతో పోదు. "అది అప్పుడప్పుడూ అలాగే ఎర్రబడుతుందిలే, మళ్లీ రన్ చెయ్యి" అనే అలవాటు టీమంతటికీ పట్టుకుంటుంది. నిజంగా కోడు చెడిన రోజున కూడా అదే మాట అనేసి ఊరుకుంటారు.

"గడియారాన్ని లోపలినుంచి తీసెయ్. టైము మనమే బయటినుంచి అందిద్దాం" అంటోంది ఆవిడ.

అతను ఫంక్షన్‌కి ఒక ఆర్గ్యుమెంట్ చేర్చాడు. ఇప్పుడు దానికి టైము మనమిచ్చిందే. ఉదయం 5:10 ఇచ్చాడు, ఉదయం అంది. సాయంత్రం 6:30 ఇచ్చాడు, సాయంత్రం అంది. రెండు చుక్కలు పడ్డాయి. యూనిట్ టెస్టు అన్నది ఇంతే చిన్న పని. ప్రింటరు ఉండదు, డేటాబేస్ ఉండదు, నెట్ ఉండదు, గోడ మీది గడియారంతోనూ పని లేదు. ఒక ఫంక్షన్ని విడిగా కూర్చోబెట్టి, ఇదిస్తే అది రావాలి అని అడగడం. చుట్టూ ఉన్నవాటితో ముడి లేదు కాబట్టే వందల టెస్టులు కొన్ని సెకన్లలో అయిపోతాయి. అందుకే ఎంటర్ కొట్టినప్పుడల్లా రన్ చెయ్యగలుగుతాం.

కుర్రాడు అయిపోయిందనుకున్నాడు. ఆవిడ కీబోర్డు తన వైపు లాక్కుంది. "సర్వర్ గడియారం ఎక్కడిది?"

"యూటీసీ."

"మనకంటే ఐదున్నర గంటలు వెనక. మరి తెల్లారి 5:10కి పాలు పోస్తే అక్కడ ఎంతవుతుంది?"

రాత్రి 11:40 అవుతుంది, అదీ ముందురోజు. ఆవిడ టెస్టులో ఇచ్చిన తేదీ చూడండి, కావాలనే ఎంచుకుంది: యూటీసీలో మార్చి 31, రాత్రి 11:40. రావలసిన జవాబు: ఏప్రిల్ 1, ఉదయం. ఎంటర్ కొట్టింది. ఎఫ్. వచ్చిన జవాబు: మార్చి 31, సాయంత్రం. తేదీ తప్పు, పూట తప్పు, ఆర్థిక సంవత్సరం కూడా తప్పు. ఆ పాలు పోసిన మనిషి లెక్క రెండు పుస్తకాల మధ్య ఎక్కడో పడిపోయేది. ఇలా టెస్టు రాయకపోతే లాప్‌టాప్ మీద ఇది ఎప్పటికీ బయటపడదు, ఎందుకంటే లాప్‌టాప్ గడియారం మనదే. అతను వచ్చిన టైముని ముందు భారత కాలమానంలోకి మార్చి, ఆ తర్వాతే తేదీ, పూట తీసేలా రాశాడు. మూడు చుక్కలు.

ఈ తప్పు-ఒప్పుల ఆటకు పాతికేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. కెంట్ బెక్ ముందు స్మాల్‌టాక్ భాషకు ఎస్‌యూనిట్ అని ఒక చిన్న సాధనం రాసుకున్నాడు. 1997లో ఆయన, ఎరిక్ గామా కలిసి జ్యూరిచ్ నుంచి అట్లాంటా వెళ్తూ విమానంలోనే జావా కోసం జేయూనిట్ మొదలుపెట్టారు. తప్పితే ఎర్ర పట్టీ, అన్నీ పాసైతే పచ్చ పట్టీ చూపించే పద్ధతి లోకానికి అలవాటైంది దాంతోనే. అదే ఒరవడిలో స్టీవ్ పర్సెల్ పైథాన్‌కి రాసినది యూనిట్‌టెస్ట్ అనే పేరుతో 2001లో పైథాన్ 2.1తో పాటే రావడం మొదలైంది. ఇప్పుడు ఏ భాష తీసుకున్నా ఇలాంటిది ఒకటి ఉంటుంది. సాధనానికి కరువు లేదు. అందులో ఏం రాస్తున్నామన్న దగ్గరే మనం పలచబడుతున్నాం, ఆ సంగతి మీరే కాసేపట్లో చూస్తారు.

ఆవిడ ఇంకో ఫైలు తెరిచింది. స్లిప్పు మీద పేరు వేసే ఫంక్షన్. దాని టెస్టులు చదవండి. మొదటి పేరు: రవి, ఇంగ్లిషు అక్షరాల్లో. రెండోది: టెస్ట్ యూజర్. మూడోది: ఏబీసీ. నాలుగోది రామకృష్ణ, అదీ ఇంగ్లిషు అక్షరాల్లోనే, చివరి అక్షరం పోయి పదికి కుదించబడుతుందా అని చూడటానికి. నాలుగూ పాస్. కవరేజీ రిపోర్టులో ఈ ఫంక్షన్ ఎదురుగా నూటికి నూరు ఉంది.

ఆ పక్కనే ఊరి కేంద్రం నుంచి వాట్సాప్‌లో వచ్చిన ఫొటో ఉంది. నలిగిన స్లిప్పు. పేరు దగ్గర 'వెంకటలక్ష్' అని ఉంది.

ఆ పేరు గలావిడకు చదవడం వచ్చు. నా పేరు పూర్తిగా వెయ్యలేదేమని కేంద్రంలో అడిగింది. ఫొటో అందుకే వచ్చింది.

కుర్రాడి వేళ్లు అప్పుడే కోడు మీదికి వెళ్లిపోయాయి. ఆవిడ ఆపింది. "ముందు టెస్టు రాయి. ఈ తప్పు మన దగ్గర కూడా జరగనీ. కళ్లతో చూద్దాం."

ఈ ఒక్క మాట కోసమే మిమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టాను. కోడు సరిచేశాక టెస్టు రాస్తే అది పచ్చగానే వస్తుంది. పచ్చగా వచ్చింది కోడు బాగుండబట్టా, లేక టెస్టు ఏమీ అడగకపోబట్టా అన్నది అప్పుడు తేల్చలేం. ముందు ఎర్రగా చూసి, కోడు మార్చాక అదే టెస్టు పచ్చబడితే, మారింది ఆ మార్పు వల్లేనని తెలుస్తుంది. పాలు తూచే ముందు తెలిసిన రాయి పెట్టి కాటా సరిచూసుకున్నట్టు, టెస్టుని కూడా తెలిసిన తప్పుతో ఒకసారి సరిచూసుకోవాలి.

అతను రాశాడు. ఇచ్చేది వెంకటలక్ష్మి. రావలసింది వెంకటలక్ష్మి. ఎంటర్. ఎఫ్. వచ్చింది 'వెంకటలక్ష్'. ఊళ్లో జరిగిన తప్పు ఇప్పుడు ఈ స్క్రీను మీద ఉంది. ఎన్నిసార్లు రన్ చేసినా వస్తుంది. ఇక దాన్ని పట్టుకోవచ్చు.

ఎందుకొచ్చిందో దగ్గరగా చూడండి. మన కంటికి వెంకటలక్ష్మిలో ఐదు అక్షరాలు: వెం, క, ట, ల, క్ష్మి. పైథాన్‌ని పొడవెంత అని అడిగితే పన్నెండు అంటుంది. యూనికోడ్‌లో 'వ' ఒకటి, ఎత్వం ఒకటి, సున్నా ఒకటి. ఆ తర్వాత క, ట, ల. 'క్ష్మి' ఒక్కటే ఆరు: క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఫంక్షన్ చేస్తున్నదల్లా మొదటి పది ఉంచి మిగతావి కొట్టెయ్యడం. పదకొండోది 'మ', పన్నెండోది గుడి. అవి రెండూ పోయి రెండో పొల్లు గాలిలో వేలాడింది. ఇంగ్లిషు పేరు చివర ఒక అక్షరం పోయినా చదువుకోగలం. తెలుగు పేరుని అక్షరం మధ్యలో నరికితే అది పేరు కాకుండా పోతుంది.

"అక్షరాలుగా లెక్కపెట్టే లైబ్రరీ ఉంది కదక్కా" అని కుర్రాడు దాన్ని పెట్టేశాడు. స్లిప్పు గడిలో ఆరు అక్షరాలు పడతాయి. పేరులో ఉన్నవి ఐదే. ధీమాగా ఎంటర్ కొట్టాడు.

ఎఫ్. వచ్చింది 'వెంకటలక్ష్'. అదే తప్పు.

ఇద్దరూ ముందుకు వంగారు. మీరూ వంగండి, ఇలాంటిది రోజూ దొరకదు. ఆవిడ ఆ లైబ్రరీ పేరుని ఎలా విడగొడుతోందో ప్రింట్ చేయించింది: వెం, క, ట, ల, క్, ష్, మి. ఏడు ముక్కలు. ఆరు ఉంచితే మళ్లీ అక్కడికే వస్తుంది. లైబ్రరీ పాతది. కంటికి ఒక్కటిగా కనిపించే అక్షరాన్ని ఎక్కడ విడగొట్టాలో చెప్పే యూనికోడ్ నియమాల్లో సంయుక్తాక్షరాన్ని ఒక్కటిగా ఉంచమనే నియమం తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు 2023 సెప్టెంబరులో, 15.1 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు నియమాల ప్రకారం పొల్లు దగ్గర ముక్క తెగిపోతుంది. అతను లైబ్రరీని కొత్త వెర్షన్‌కి మార్చాడు. వెం, క, ట, ల, క్ష్మి. ఐదు. చుక్క పడింది.

టెస్టు ముందే లేకపోతే ఇక్కడ ఏం జరిగేదో ఊహించండి. 'అక్షరాల లైబ్రరీ పెట్టాం, అయిపోయింది' అని పంపేసేవారు. మర్నాడు అదే స్లిప్పు, అదే తెగిన పేరు. రేపు ఎవరైనా వేరే అవసరానికి ఈ లైబ్రరీ వెర్షన్ వెనక్కి తిప్పినా, కారణం తెలియకుండా ఇంకోటి పెట్టినా, ఈ ఒక్క టెస్టు ఎర్రబడి ఆపుతుంది. అప్పటికి వీళ్లిద్దరూ ఈ టీములో ఉండనక్కర్లేదు.

ఇప్పుడు ఆవిడ పేర్లు చేరుస్తోంది. లక్ష్మి. శ్రీను. రాజ్‌కుమార్, ఇందులో 'జ్' కింద క వత్తు పడకుండా ఆపడానికి కంటికి కనపడని ఒక గుర్తు ఉంటుంది, పొడవు లెక్కలో అదీ ఒకటిగా పడుతుంది. తర్వాత జ్ఞానేశ్వరి.

జ్ఞా దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "2018లో ఐఫోన్ల గొడవ తెలుసా?"

కుర్రాడు అప్పటికి స్కూల్లో ఉన్నాడు, అయినా తెలుసు. ఆ ఫిబ్రవరిలో మన 'జ్ఞా' ప్రపంచం నోట నానింది. జ, పొల్లు, ఞ, ఆ కనపడని గుర్తు, చివర దీర్ఘం. ఈ ఐదూ ఈ వరసలో మెసేజిలో వస్తే చాలు, దాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలేది. ఐఫోన్లే కాదు, మ్యాక్‌లు, వాచీలు కూడా. అక్షరాలను తెరమీద పేర్చే భాగంలో మెమరీ పాడయ్యే లోపం అది. 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చాక సర్దుకుంది. అప్పట్లో చాలామంది దాన్ని 'తెలుగు అక్షరం బాంబు' అన్నట్టు మాట్లాడారు. అక్షరం ఏ తప్పూ చెయ్యలేదు. కోట్లమంది రాసుకునే లిపిలోని అక్షరం అది. దాన్ని తట్టుకోవలసింది కోడు. ఆవిడ ఆ ఐదింటినీ అదే వరసలో టెస్టులో పెట్టింది. చుక్క పడింది.

తర్వాతి పేరు వెంకటసుబ్బలక్ష్మి. వెం, క, ట, సు, బ్బ, ల, క్ష్మి. ఏడు. గడిలో ఆరే పడతాయి.

"రావలసింది ఏం రాయాలక్కా?"

ఆవిడకూ తెలియదు. నిజానికి ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. టెస్టు రాయడానికి కూర్చున్నప్పుడే ఇలాంటివి తేలుతాయి. పేరు ఎక్కువైతే ఏం చెయ్యాలన్నది ప్రోగ్రామరు తేల్చే విషయం కాదు. ఆవిడ డెయిరీ వాళ్ల గ్రూపులో అడిగింది. టీ తెచ్చుకునేలోపు జవాబొచ్చింది: పేరు తెంచొద్దండి, రెండో లైనుకి దించండి.

అంతే, టెస్టు మారిపోయింది. మొదటి లైనులో ఆరు అక్షరాలకు మించకూడదు. రెండు లైన్లూ కలిపితే అసలు పేరు పొల్లు పోకుండా రావాలి. ఈ రెండో షరతు ఒక్క పేరుకే కాదు, జాబితాలో ఉన్న ప్రతి పేరుకీ వర్తిస్తుంది. ఎర్రగా వచ్చింది, అతను కోడు రాశాడు, పచ్చగా మారింది.

లెక్క కట్టే ఫంక్షన్ దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. పైథాన్‌లో 2.675ని రెండు దశాంశాలకు రౌండ్ చెయ్యమంటే 2.68 రాదు, 2.67 వస్తుంది, ఎందుకంటే బైనరీలో ఆ సంఖ్య కచ్చితంగా ఇమడదు. డబ్బుకి ఫ్లోట్ వాడకూడదు, డెసిమల్ వాడాలి, అర పైసాని పైకి తియ్యాలి. ఆ నియమం ఒక టెస్టుగా రాశారు. పూటపూటకీ ఒక్కో పైసా చొప్పున పోయేది పాలు పోసినవాళ్ల డబ్బే.

ఎనిమిది కావస్తోంది. అన్నీ చుక్కలే. కుర్రాడు కమిట్ చెయ్యబోయాడు.

"ఆగు. ఇప్పుడు నీ కోడు చెడగొట్టు" అంది ఆవిడ.

అతను టైముని భారత కాలమానంలోకి మార్చే లైను తీసేశాడు. రన్. ఎఫ్. తిరిగి పెట్టాడు. ఆరు అక్షరాల షరతుని ఏడు చేశాడు. ఎఫ్. తిరిగి పెట్టాడు. డెసిమల్ తీసి ఫ్లోట్ పెట్టాడు. ఎఫ్. తర్వాత, పేరు ఖాళీగా ఉంటే పాలు పోసినవాళ్ల నంబరు వెయ్యమనే లైను తీసేశాడు. రన్.

అన్నీ చుక్కలే.

ఆ లైనుకి టెస్టు ఉంది. తెరిచి చదివారు. ఫంక్షన్ని పిలుస్తోంది, జవాబుని ఒక పేరులో దాచుకుంటోంది, అక్కడితో అయిపోతోంది. జవాబుని సరిచూసే ఎసర్ట్ లేదు. కవరేజీ సాధనానికి ఆ లైను నడిచిందా లేదా అన్నదే లెక్క, జవాబు సరైనదా అని అది అడగదు. నూటికి నూరు అలా వచ్చింది. నేను చెప్పేదేమంటే, కవరేజీ అంకె తక్కువగా ఉంటే దాన్ని నమ్మండి, అక్కడ టెస్టుల్లేవని నిజమే చెబుతోంది. ఎక్కువగా ఉంటే దాన్ని మేనేజరుకి చూపించే ముందు కోడులో నాలుగు చోట్ల చెడగొట్టి చూడండి. చెడగొట్టినా ఎర్రబడని టెస్టు లేనట్టే లెక్క.

కుర్రాడు ఎసర్ట్ రాశాడు. ఎర్రగా చూశాడు. లైను తిరిగి పెట్టాడు. పచ్చగా చూశాడు. ఈసారి ఎవరూ చెప్పలేదు, తనే ఆ వరసలో చేశాడు.

ఇప్పుడు కమిట్. ఆవిడ బ్యాగు సర్దుకుంటోంది. అతను ఫైలు పైనుంచి కిందికి ఒకసారి చదువుతున్నాడు. టెస్టుల పేర్లు ఇలా ఉన్నాయి: తెల్లవారుజామున పోసిన పాలకు ఆ రోజు తేదీయే పడాలి. పేరు అక్షరం మధ్యలో తెగకూడదు. రెండు లైన్లు కలిపితే పూర్తి పేరు రావాలి. పేరు లేకపోతే నంబరు వెయ్యాలి. అర పైసా పైకి పోవాలి. ఈ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో కొత్తగా చేరినవాళ్లకు చెప్పాలంటే ఇంతకంటే నమ్మదగ్గ కాగితం ఆఫీసులో లేదు. పత్రాల్లో రాసినది పాతబడినా ఎవరికీ తెలియదు. ఇది పాతబడితే ఆ నిమిషమే ఎర్రబడుతుంది.

హైదరాబాదులో, బెంగళూరులో, డాలస్‌లో కోడు రాస్తున్న తెలుగువాళ్లు లక్షల్లో ఉన్నారు. మన టెస్టు ఫైళ్లలో మాత్రం జాన్, టెస్ట్ యూజర్, ఏబీసీ ఉంటారు. మన పేర్లు ఎక్కడ విరుగుతాయో మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మనమే రాయకపోతే ఆ టెస్టు రాసేవాళ్లు లేరు. రేపు సిస్టం తెరిచాక మీ ప్రాజెక్టులో పేరు తీసుకునే ఫంక్షన్ ఒకటి వెతకండి. మీ అమ్మగారి పేరు, మీ అమ్మమ్మ పేరు తెలుగులో, ఇంటిపేరుతో సహా, టెస్టుగా రాయండి. ఎర్రగా వస్తే అక్కణ్నుంచి మొదలుపెట్టండి. పచ్చగా వస్తే కోడు ఒకసారి చెడగొట్టి చూసి, అప్పుడు కమిట్ చెయ్యండి.